రెండు వారాల సెలవులో మూడు దేశాల కాలిబాట: ఎక్కడం గురించి కాదు, దిగడం గురించి ఆలోచించండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: వయసు 42, హైదరాబాద్‌లో కూర్చుని చేసే ఉద్యోగం, రెండు వారాల సెలవు. యూరప్‌లో ఒకటికి మించి దేశాల మీదుగా సాగే బాట ఒకటి కాలినడకన పూర్తి చేయాలని కోరిక. తిరుమల మెట్లు ఎక్కడం తప్ప కొండల అనుభవం లేదు. శాకాహారి. తోడు ఎవరూ రావట్లేదు. ఏ బాట, ఎన్ని వీసాలు, ఒంటరిగా వెళ్ళొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. నడవగలరు. టూర్ డు మౌంట్ బ్లాంక్ ఎంచుకోండి. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా మౌంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వచ్చే బాట అది. పొడవు దాదాపు 170 కిలోమీటర్లు. ఒక్క షెంగెన్ వీసా చాలు, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా. జులై మధ్య నుంచి సెప్టెంబరు రెండో వారం లోపు వెళ్ళండి. పదకొండు రోజుల నడక, మధ్యలో ఒక రోజు విశ్రాంతి పెట్టుకోండి. కనీసం నాలుగు నెలల ముందు నుంచి కాళ్ళని సిద్ధం చేయండి, అది కూడా దిగడానికి. ఈ చివరి మాట గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనవాళ్ళు ఈ బాట మధ్యలో వదిలేయడం నేను చూసిన ప్రతిసారీ కారణం అదే.

నేను ఫ్రాన్స్‌లో ఆల్ప్స్‌కి దగ్గర్లో ఉంటాను. వేసవిలో తెలిసినవాళ్ళని, వాళ్ళ స్నేహితులని చిన్న గుంపులుగా ఈ బాట మీదకి తీసుకెళ్తుంటాను. నాతో వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మీలాంటి వాళ్ళే.

యూరప్‌లో ఇంతకన్నా పెద్ద బాటలు చాలా ఉన్నాయి. ఈ-1 అనే దూరపు కాలిబాట నార్వే ఉత్తర కొస నుంచి ఇటలీ దాకా వేల కిలోమీటర్లు పోతుంది. ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ నుంచి రోమ్ దాకా వెళ్ళే ఫ్రాంచీజెనా యాత్రామార్గం కూడా గొప్పదే. కానీ షెంగెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండనివ్వరు, ఫ్రాంచీజెనాకి బ్రిటన్ వీసా వేరే తీసుకోవాలి. వాటిని ముక్కలు ముక్కలుగా నడవాల్సిందే. రెండు వారాల్లో మొదలుపెట్టి పూర్తి చేయగలిగేది, మూడు దేశాలూ నిజంగా కాళ్ళ కింద మారేది, ఎక్కడ అలిసిపోయినా ఒక పూట నడిస్తే బస్సు దొరికేది ఇదొక్కటే అని నా అభిప్రాయం.

ఇక అసలు విషయం. 170 కిలోమీటర్లు అనగానే అందరూ దూరం గురించి టెన్షన్ పడతారు. రోజుకి పదిహేను కిలోమీటర్లు మీరు నడవలేనిదేం కాదు. చూడాల్సిన అంకె ఇంకొకటుంది: మొత్తం బాటలో ఎక్కేది దాదాపు 10,000 మీటర్లు. చుట్టూ తిరిగి అదే ఊరికి వస్తారు కాబట్టి దిగేదీ అంతే. అంటే రోజుకి తొమ్మిది వందల మీటర్లు ఎక్కి, తొమ్మిది వందల మీటర్లు దిగడం. మర్నాడు మళ్ళీ అదే.

మనకి కొండ నడక అంటే అలిపిరి మెట్లు. మూడు వేల ఐదు వందలకు పైగా మెట్లు ఎక్కుతాం, దర్శనం చేసుకుంటాం, బస్సులో దిగుతాం. పెద్దవాళ్ళు కూడా గోవింద నామం చెప్పుకుంటూ ఎక్కేస్తారు. కాబట్టి మన కాళ్ళకి ఎక్కడం తెలుసు. వరసగా రోజుల తరబడి దిగడం మాత్రం ఎప్పుడూ నేర్పలేదు.

ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు ఒంటి బరువునంతా ఆపుతూనే సాగుతుంది. ఈ సాగుతూ బరువు ఆపే పనిలో కండరం లోపల సూక్ష్మంగా దెబ్బతింటుంది. నొప్పి వెంటనే తెలియదు, మర్నాడు, ఆ మర్నాడు బయటపడుతుంది. అందుకే మొదటి రోజు సాయంత్రం "ఇంతేనా, బాగానే ఉందే" అన్నవాళ్ళు మూడో రోజు పొద్దున మంచం దిగలేకపోతారు. తొడలు పట్టు వదిలేశాక ఆ బరువు మోకాళ్ళ మీద పడుతుంది. నాలుగో రోజుకి మోకాలు వాస్తుంది. కానీ ఇదే కండరానికి కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా దిగే పని అలవాటు చేస్తే, తర్వాత అదే పనికి అంతగా దెబ్బతినదు. ఈ రక్షణ వారాల తరబడి నిలుస్తుంది. సాధన ఫలితం ఇంత స్పష్టంగా కనిపించే విషయం నడకలో ఇంకోటి లేదు.

చేయాల్సింది ఇది. మీ అపార్ట్‌మెంట్‌లోనో ఆఫీసులోనో లిఫ్ట్‌లో పైకెళ్ళి మెట్ల మీద దిగండి. ఒక అంతస్తు సుమారు మూడు మీటర్లు. మొదటి వారం మొత్తం ముప్ఫై అంతస్తుల దిగుడు చాలు. నెమ్మదిగా పెంచుకుంటూ మూడో నెలకి ఒకే పూటలో 150 అంతస్తులు దిగేలా చూడండి. వారానికి రెండు సార్లకు మించొద్దు, మధ్యలో కండరం కోలుకోవాలి. చివరి నెలలో ఆరేడు కిలోల సంచి భుజాన వేసుకుని దిగండి. ఎక్కే సాధన విడిగా చేయండి, అదీ కావాలి. వీలైతే ఒకసారి తిరుపతి వెళ్ళి అలిపిరి దారిన ఎక్కి, దర్శనం చేసుకుని, మర్నాడు పొద్దున అదే దారిన నడిచి దిగండి. ఆ తర్వాత రెండు రోజులు మీ తొడలు ఎలా ఉన్నాయో గమనిస్తే మీ స్థితి మీకే తెలిసిపోతుంది.

ట్రెక్కింగ్ పోల్స్ రెండూ తీసుకోండి, ఒకటి కాదు. దిగేటప్పుడు ఎక్కేటప్పటికన్నా కాస్త పొడవు పెంచి, అడుగు కన్నా ముందు కర్ర పడేలా దిగాలి. బూట్లు మామూలు కొలత కన్నా ఒక సైజు ఎక్కువ ఉండాలి. దిగుడులో పాదం ముందుకి జారి బొటనవేలు బూటుకి గుద్దుకుంటే గోరు నల్లబడి ఊడిపోతుంది. బయలుదేరే ముందు గోళ్ళు కత్తిరించుకోండి. కొత్త బూట్లతో మాత్రం రావద్దు.

గుంటూరు నుంచి అరవై దాటిన ఒకాయన మాతో వచ్చారు. విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆరు నెలలు వాళ్ళ అపార్ట్‌మెంట్ మెట్లు దిగి వచ్చారాయన. అదే గుంపులో రోజూ జిమ్‌లో పరుగెత్తే ముప్ఫై ఏళ్ళ అబ్బాయి ఉన్నాడు. ఎక్కేటప్పుడు అబ్బాయి అందరికన్నా గంట ముందు ఉండేవాడు. బాటలో సగం దూరం రాకముందే, ఇటలీలోని కూర్మాయోర్ ఊరు చేరేసరికి రెండు మోకాళ్ళకీ పట్టీలు కట్టుకుని బస్సు ఎక్కాడు. మాస్టారు చివరిదాకా నడిచారు.

బాట సంగతి చెప్తాను. చాలామంది ఫ్రాన్స్‌లో మౌంట్ బ్లాంక్ కింద ఉన్న షామొనీ పట్టణం పక్కనున్న లెజ్ ఊష్ అనే ఊరి నుంచి గడియారం ముల్లుకి ఎదురుదిశలో మొదలుపెడతారు. జెనీవా విమానాశ్రయం నుంచి రోడ్డు దారిన సుమారు గంటన్నర. మొదటి రోజు లే కోంటమీన్ దాకా తేలికే. రెండో రోజు అసలైన పరీక్ష: బొనోమ్ కనుమ 2,329 మీటర్లు, దాని పైనున్న బస (నడిచేవాళ్ళు రాత్రి తిని పడుకునే కొండ విడిది) 2,443 మీటర్లు. కోంటమీన్ ఊరి నుంచి ఒక్క రోజులో 1,300 మీటర్ల దాకా ఎక్కాలి. మీకు నా సలహా, కోంటమీన్‌లో ఆగకుండా మొదటి రోజే ఇంకాస్త ముందుకెళ్ళి నాం బొరాన్‌లోనో లా బామ్‌లోనో పడుకోండి. రెండో రోజు బరువు బాగా తగ్గుతుంది. కనుమ పైనున్న ఆ బస నుంచి లే షాప్యూ దాకా తొమ్మిది వందల మీటర్ల దిగుడు. తర్వాత మొత్తే బస.

మొత్తే నుంచి పొద్దున్నే ఎక్కితే సేన్యె కనుమ, 2,516 మీటర్లు. ఇవతల ఫ్రాన్స్, అవతల ఇటలీ. గేటూ ఉండదు, పోలీసూ ఉండడు, ఒక సరిహద్దు రాయి ఉంటుందంతే. పాస్‌పోర్ట్ మాత్రం దగ్గరుంచుకోండి. అక్కడ మొదటిసారి మౌంట్ బ్లాంక్ ఇటలీ వైపు ముఖం కనిపిస్తుంది. ఫ్రాన్స్ వైపు గుండ్రంగా, మంచు కప్పుకుని ఉన్న పర్వతం ఇక్కడ నిటారు రాతిగోడలా నిలబడుతుంది. ఎన్నిసార్లు వెళ్ళినా నేను ఆ కనుమ మీద ఆగిపోతాను. ఒక అరగంట అక్కడ కూర్చోవడానికి సమయం ఉండేలా బయలుదేరండి.

కూర్మాయోర్‌కి దిగే చివరి ఏడు వందల మీటర్లు నిటారుగా, దుమ్ముగా ఉంటుంది. అలిసిన కాళ్ళతో అక్కడ జారేవాళ్ళు ఎక్కువ. ఆ రోజు కేబుల్ కార్ తిరుగుతుంటే, పట్టుదలకి పోకుండా ఆ ముక్కకి అది ఎక్కండి. కూర్మాయోర్‌లో ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. ఇక్కడి నుంచి మౌంట్ బ్లాంక్ కింది సొరంగం గుండా బస్సులో షామొనీ తిరిగి వెళ్ళిపోవచ్చు కాబట్టి, కొనసాగాలా వద్దా అని తేల్చుకోవాల్సిన చోటు కూడా ఇదే. 1965లో తెరిచిన ఆ సొరంగం పొడవు 11.6 కిలోమీటర్లు. ఈ మధ్య సంవత్సరాల్లో మరమ్మతుల కోసం శరదృతువులో మూసేస్తున్నారు, సెప్టెంబరులో వెళ్తే ముందే చూసుకోండి.

కూర్మాయోర్ దాటాక బొనాటీ బస దాకా నడక నాకు మొత్తం బాటలో బాగా ఇష్టమైనది. కొండ వాలు మీద దాదాపు ఒకే ఎత్తున సాగుతుంది, ఎదురుగా గ్రాండ్ జొరాస్ శిఖరాలు రోజంతా తోడుంటాయి. తర్వాత గ్రాండ్ కోల్ ఫెరే, 2,537 మీటర్లు, దాటితే స్విట్జర్లాండ్. ఇటలీ వైపు పడిన వాన పో నదిలోకి, స్విట్జర్లాండ్ వైపు పడింది రోన్ నదిలోకి పోతుంది. లా ఫూలీ నుంచి షాంపే దాకా పల్లెల మధ్య తేలిక నడక. సెలవు తక్కువైతే బస్సులో దాటేయడానికి తగిన రోజు ఇదే. షాంపే నుంచి త్రియాన్‌కి రెండు దారులున్నాయి. ఫెనెత్ర్ దార్పెత్ మీదుగా పోయేది 2,665 మీటర్ల ఎత్తు, దిగుడంతా బండరాళ్ళు. మీరు రెండోది, బొవీన్ దారే పట్టండి. బామ్ కనుమతో మళ్ళీ ఫ్రాన్స్.

ఆఖర్లో రెండు జాగ్రత్తలు. త్రే లే షాం అనే చిన్న ఊరు దాటాక బండల మీద ఇనుప నిచ్చెనలుంటాయి. పొడి వాతావరణంలో భయం లేదు, వాన పడితే మోంతే కనుమ మీదుగా చుట్టుదారి ఉంది, దాన్నే వాడండి. ఇంకోటి, చివరి రోజు 2,525 మీటర్ల బ్రెవాం నుంచి లెజ్ ఊష్ దాకా పదిహేను వందల మీటర్ల దిగుడు, ఒక్క పూటలో. పది రోజులు అలిసిన మోకాళ్ళతో ఇది చేయమని నేను ఎవరికీ చెప్పను. బ్రెవాం శిఖరం చూసుకుని కేబుల్ కార్‌లో షామొనీ దిగండి. అలా దిగితే నడక పూర్తి కానట్టు అనుకునేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను.

వాతావరణం విషయంలో ఒకటే నియమం: మధ్యాహ్నానికి ముందే కనుమ దాటెయ్యాలి. వేసవిలో మధ్యాహ్నం తర్వాత పిడుగుల వాన సాధారణం, కనుమ మీద తలదాచుకోవడానికి చోటు ఉండదు. ఏడింటికల్లా నడక మొదలైతే ఇబ్బంది లేదు. బసల్లో రోజూ వాతావరణ సూచన అతికిస్తారు, లేదంటే బస నడిపేవాళ్ళని అడగండి, వాళ్ళ మాట ఫోన్ యాప్ కన్నా నమ్మదగింది. జూన్‌లో కనుమల మీద గట్టిపడిన మంచు మిగిలి ఉంటుంది, మీరు జూన్‌లో రావద్దు. జులైలో కూడా వాన, గాలి కలిస్తే ఒంట్లో వేడి వేగంగా పడిపోతుంది. నూలు బనియన్లు, జీన్స్ తడిస్తే ఆరవు, వాటిని ఇంట్లోనే వదిలేయండి. ఉన్ని లేదా సింథటిక్ బనియన్లు రెండు, పల్చటి స్వెటర్ ఒకటి, మంచి వాన కోటు ఒకటి. సంచి మొత్తం ఎనిమిది కిలోలు దాటకూడదు. సంచిలో పెరిగే ప్రతి కిలో దిగుడులో మోకాళ్ళకే తెలుస్తుంది.

వీసా గురించి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది, అందుకే ఒకటే వీసా. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు పడుకుంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ఈ బాటలో మామూలుగా అది ఫ్రాన్స్ అవుతుంది, కానీ నడక తర్వాత స్విట్జర్లాండ్‌లో నాలుగు రోజులు తిరగాలనుకుంటే లెక్క మారిపోతుంది. కాబట్టి ముందు రాత్రుల పట్టిక రాసుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. బసల బుకింగ్ మెయిళ్ళన్నీ తేదీల వరసలో జతచేయండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తగ్గకూడదు అనేది వీసా షరతు. దాంతో సరిపెట్టుకోవద్దు. కొండ నడకకి వర్తిస్తుందా, ఎన్ని మీటర్ల ఎత్తు వరకు, హెలికాప్టర్ రక్షణ ఖర్చు ఇస్తారా అన్నవి పాలసీలో చదవండి. ఫ్రాన్స్ కొండల్లో రక్షణ దళాలు సాధారణంగా డబ్బు తీసుకోవు, స్విట్జర్లాండ్‌లో బిల్లు వస్తుంది. మూడు దేశాల్లోనూ అత్యవసర నంబరు 112.

చాలామందికి తెలియనిది ఇంకొకటి: యూరప్ సిమ్‌లు అన్నిటిలోనూ స్విట్జర్లాండ్ కలిసి ఉండదు. కొనేముందు ఆ దేశం పేరు జాబితాలో ఉందో లేదో చూడండి. మ్యాపులు ఫోన్‌లో దించుకుని ఉంచండి, లోయల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకులు, మిగతా రెండు చోట్ల యూరోలు. కార్డు తీసుకోని బసలున్నాయి కాబట్టి నగదు ఉండాలి.

బసలో సామూహిక గదిలో పడక, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి మనిషికి సుమారు 60 నుంచి 90 యూరోలు, స్విట్జర్లాండ్ వైపు ఎక్కువ. బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి. దుప్పట్లు ఇస్తారు, పల్చటి పడక సంచి మీరు తెచ్చుకోవాలి. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు తప్పనిసరి, గదిలో పదిహేను మంది పడుకుంటారు మరి.

శాకాహారం ఇబ్బంది కాదు, కానీ బుక్ చేసేటప్పుడే రాయాలి. కొండ మీద ఆ రోజుకి లెక్కపెట్టి వండుతారు, అక్కడికి వెళ్ళాక చెప్తే రొట్టె, చీజ్ తప్ప ఏమీ ఉండకపోవచ్చు. చేప కూడా తినరని, గుడ్డు తింటారో లేదో స్పష్టంగా రాయండి. సూప్, పప్పుగింజల కూర, చీజ్, ఇటలీలో పొలెంటా దొరుకుతాయి. పొలెంటా అంటే మొక్కజొన్న రవ్వతో చేసిన సంకటే, కారప్పొడి వేసుకుంటే మనకి ప్రాణం లేచి వస్తుంది. కాబట్టి పొడులు తెచ్చుకోండి, పులిహోర పేస్టు కూడా పర్వాలేదు. నెయ్యి, పాలకోవా, పాలతో చేసిన ఏ మిఠాయీ వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తేవడం నిషేధం. పగటి పూట తినడానికి పల్లీపట్టీలు, ఖర్జూరం బాగా పనికొస్తాయి.

ఒంటరిగా వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చు, ఈ బాట మీదయితే నిశ్చింతగా. అందరూ దాదాపు ఒకే దిశలో నడుస్తారు, మూడో రోజుకల్లా రాత్రి భోజనం బల్ల దగ్గర అవే ముఖాలు కనిపిస్తాయి. ఒకరి కోసం ఒకరు ఆగడం, మందులు, మాత్రలు పంచుకోవడం మామూలే. ఏ రాత్రి ఏ బసలో ఉంటారో ఇంట్లో ఒకరికి రాసిచ్చి రండి. గొర్రెల మందలు కనిపిస్తే వాటి మధ్యలోంచి వెళ్ళొద్దు; తెల్లటి పెద్ద కాపలా కుక్కలుంటాయి, నెమ్మదిగా, మాట్లాడుతూ దూరంగా చుట్టి వెళ్ళండి. ఒంటరిగా ఉన్నప్పుడు నిచ్చెనల దారి, ఫెనెత్ర్ దార్పెత్ దారి ఎంచుకోకండి.

వచ్చే వేసవికి వెళ్ళాలనుకుంటే మీకు అన్నిటికన్నా ముందున్న పని బుకింగ్. చాలా బసలు శరదృతువు నుంచే మరుసటి ఏడాది వేసవికి పడకలు ఇవ్వడం మొదలుపెడతాయి, జులై, ఆగస్టు తేదీలు త్వరగా అయిపోతాయి. మొదటి రాత్రి నుంచి వరసగా బుక్ చేయొద్దు. ముందు మొత్తే, బొనాటీ బసల్లో తేదీలు పట్టుకోండి. ఆ రెండు చోట్లా చుట్టుపక్కల వేరే పడకలు బాగా తక్కువ. అవి కుదిరితే కోంటమీన్, కూర్మాయోర్, లా ఫూలీ, షాంపే లాంటి ఊళ్ళలో హోటళ్ళు ఉంటాయి కాబట్టి మిగతా రాత్రులు వాటి చుట్టూ సర్దుకోవచ్చు. ఆ రెండు తేదీలు దొరికాక మీ రాత్రుల పట్టిక ఇక్కడ పెట్టండి, ఏ రోజు దిగుడు ఎక్కువ పడుతోందో చూసి చెప్తాను.